రెంబ్రాంట్ గీసిన షాజహాన్: మళ్లీ గీస్తున్నప్పటి డైరీ

మే, చివరి వారం

పని ఏమిటో ముందు రాసుకుంటాను. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ మొఘల్ సూక్ష్మచిత్రాలను ఎదురుగా పెట్టుకుని గీసిన బొమ్మలు ఇప్పటికి 23 మిగిలాయి. అవన్నీ 1656, 1661 మధ్య గీసినవని పండితులు లెక్కగట్టారు. వాటిలో కొన్నింటిని ఆయన వాడిన సామగ్రికి చేతనైనంత దగ్గరి సామగ్రితో, అసలు కొలతల్లోనే మళ్లీ గీయాలి. అమ్మడానికి కాదు, ప్రదర్శన పెట్టడానికీ కాదు. ఈ బొమ్మల మీద నేను చదివిన వ్యాసాలన్నీ మొఘల్ చిత్రకళ రెంబ్రాంట్‌ను ఆకట్టుకుందని చెప్పి అక్కడితో ఊరుకుంటాయి. ఆకట్టుకున్న తరవాత ఆయన చెయ్యి ఏం చేసింది? ఎక్కడ మొఘల్ చిత్రకారుడి మాట విన్నాడు, ఎక్కడ తన మాట నెగ్గించుకున్నాడు? ఇది గీస్తే తప్ప తేలదు.

రెంబ్రాంట్ నెదర్లాండ్స్ పొలిమేర దాటిన మనిషి కాదు. ఆగ్రా చూడలేదు, షాజహాన్‌ను చూడలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే కూర్చుని, డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వచ్చిన బొమ్మలను చూశాడు. ఆ కంపెనీకి 1616 నుంచీ సూరత్‌లో వర్తక స్థావరం ఉంది. మిరియాలు, బట్టలు, నీలిమందుతో పాటు ఇలాంటి వింత వస్తువులు కూడా చేరుతుండేవి.

ఆయన గీసిన బొమ్మలు తరవాత ఇంగ్లండు చేరాయి. జోనథన్ రిచర్డ్‌సన్ అనే చిత్రకారుడు, పెద్ద సేకర్త, ఒక పుస్తకంగా దాచుకున్నాడు. ఆయన పోయాక 1747లో జరిగిన వేలం జాబితాలో ‘రెంబ్రాంట్ గీసిన ఇండియా బొమ్మల పుస్తకం, 25’ అని ఉంది. ఆ పుస్తకం విడిపోయి ఇప్పుడు లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, లాస్ ఏంజెలెస్, క్లీవ్‌లాండ్, ఇలా చెల్లాచెదురుగా ఉన్నాయి. 2018లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం వాళ్లు చాలా వాటిని ఒకచోటికి చేర్చి, పక్కన మొఘల్ చిత్రాలు పెట్టి ప్రదర్శించారు. నాకు ఆ అదృష్టం లేదు. క్లీవ్‌లాండ్, గెట్టీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం మంచి నాణ్యత గల ఫొటోలను ఉచితంగా దింపుకోనిస్తాయి కాబట్టి ఈ పనికి పూనుకోగలిగాను.

మొదటి బొమ్మగా క్లీవ్‌లాండ్‌లోని షాజహాన్‌ను ఎంచుకున్నాను. ఒంటరిగా నిలుచున్న మనిషి. చిన్న నోటుపుస్తకం పుటంత కాగితం. తరవాత బ్రిటిష్ మ్యూజియంలోని, చెట్టు కింద కూర్చున్న నలుగురు వృద్ధులు. ఓపిక మిగిలితే గుర్రపు రౌతు.

జూన్, మొదటి వారం. కాగితం

ఈ బొమ్మల్లో దాదాపు అన్నీ ఆసియా కాగితం మీద గీసినవే, ఎక్కువగా జపాన్‌ది. జపాన్‌తో వర్తకం చేసే హక్కు ఐరోపావాళ్లలో అప్పట్లో ఒక్క డచ్చివాళ్లకే ఉండేది కాబట్టి ఆ కాగితం ఆమ్‌స్టర్‌డామ్‌కు దిగేది. రెంబ్రాంట్ దాని మీద ముందుగా ఎచింగులు, అంటే రాగి రేకు మీద ఆమ్లంతో గీతలు తినిపించి తీసే అచ్చుబొమ్మలు, వేశాడు. ప్రసిద్ధమైన ‘వంద గిల్డర్ల ఎచింగు’కు జపాన్ కాగితం మీది ప్రతులు ఉన్నాయి. తరవాత ఈ మొఘల్ బొమ్మలకు కూడా అదే పట్టుకున్నాడు. మామూలు స్కెచ్చులకు దొరికిన చిత్తుకాగితం వెనక కూడా గీసే మనిషి ఇంత ఖరీదైన కాగితం తీశాడంటే, ఈ పనిని ఆయన ఆషామాషీగా తీసుకోలేదని మొదటి సాక్ష్యం అక్కడే దొరుకుతుంది.

నేను గంపి అనే జపాన్ పొద నారతో చేసిన కాగితం తెప్పించాను. ఖరీదు చూసి ఒక రోజంతా ఆలోచించాను కూడా. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. పలచగా ఉంది, కానీ గట్టిది. వెలుతురుకు పెడితే లేత బంగారు ఛాయ, కొంచెం మెరుపు. గోటితో రాస్తే పట్టుబట్ట మీద రాసినట్టు జారుతుంది. మన చేతికాగితం, అంటే ఖాదీ దుకాణాల్లో దొరికే రకం, పక్కన పెట్టి రెండింటి మీదా ఒకే సిరాచుక్క వేశాను. చేతికాగితం చుక్కను లాగేసుకుని అంచులు చెదరగొట్టింది. గంపి మీద చుక్క ఉబ్బుగా నిలబడి, నిదానంగా ఆరి, చుట్టూ సన్నని ముదురు అంచు మిగిల్చింది.

గీత సన్నగా రావాలంటే ఇలాంటి కాగితమే కావాలి. మొఘల్ చిత్రకారులు వస్లీ మీద, అంటే పొరలు పొరలుగా అతికించి అగేటు రాయితో నునుపుగా రుద్దిన కాగితం మీద, ఉడుత వెంట్రుకల కుంచెతో గీసేవారు. రెంబ్రాంట్‌కు ఆ కుంచె లేదు, ఆ తర్ఫీదూ లేదు. కానీ వస్లీ నునుపును ఆయన గమనించి ఉంటాడని, దానికి ప్రతిగా తన దగ్గరున్నవాటిలో అత్యంత నునుపైన కాగితం తీశాడని నా ఊహ.

జూన్, రెండు, మూడు వారాలు. సిరా

మ్యూజియం పట్టీల్లో ‘గోధుమరంగు సిరా’ అని మాత్రమే ఉంటుంది. అది వాళ్ల జాగ్రత్త. పదిహేడో శతాబ్దపు గోధుమరంగు సిరా రెండు రకాలు కావచ్చు. ఒకటి, కట్టెల పొయ్యి మసిని కాచి తీసింది. రెండోది, మాచికాయల కషాయంలో ఇనుప లవణం కలిపింది. ఈ రెండోది రాసినప్పుడు నల్లగా ఉండి, వందల ఏళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. కంటితో చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. కాబట్టి రెండూ చేసి చూద్దామనుకున్నాను.

మాచికాయల కోసం మూలికల దుకాణానికి వెళ్లాను. కొట్టు పెద్దాయన పొట్లం కడుతూ అడిగారు.

“చంటిపిల్లలకా అండీ?”

“కాదండీ, సిరా చేయడానికి.”

ఆయన చెయ్యి ఆగింది. “సిరాకైతే అన్నభేది తీసుకోలేదేం మరి?”

అడగబోతున్నానని చెప్పాను. అన్నభేది అంటే ఆ ఇనుప లవణమే. ఆయన లోపలినుంచి లేత ఆకుపచ్చ పలుకులు తెచ్చి తూచారు. వాళ్ల తాతగారు దస్తావేజులు రాసేవారట. మాచికాయ ఖరీదైనప్పుడు కరక్కాయ వేసేవారని, నాలుగు చుక్కలు తుమ్మబంక నీళ్లు పోయకపోతే సిరా కలంలో నిలవదని చెప్పారు. ఐరోపావాళ్ల పాత సిరా వంటకం కూడా అక్షరాలా ఇదే: మాచికాయ, అన్నభేది, బంక, నీళ్లు. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు నల్లరంగుకు చేసేదీ ఇదే రసాయనం. బట్టకు కరక్కాయ పట్టించి, బెల్లంలో నానబెట్టిన ఇనుము నీటితో గీస్తారు, లేదా అచ్చు వేస్తారు. ఇనుము, వగరు కలిస్తే నలుపు.

మాచికాయలను కచ్చాపచ్చాగా దంచి నానబెట్టి, వడగట్టి, అన్నభేది కలిపాను. కలిపిన వెంటనే ఊదారంగు కలిసిన బూడిద నీళ్లలా ఉంది. గీస్తే లేతగా పడింది. కాఫీ తాగి వచ్చేసరికి అదే గీత నల్లబడి ఉంది. గాలి తగిలి ముదిరే గుణం దీనిది. గీస్తున్నప్పుడు కనిపించే గీత వేరు, గంట తరవాత మిగిలే గీత వేరు. నమ్మకంగా చెయ్యి తిరిగిన వాళ్లకే ఇది లొంగుతుంది. పైగా ఇందులో ఆమ్లం ఉంటుంది, ఎక్కువైతే కాగితాన్ని తినేస్తుంది. పాత దస్తావేజుల్లో అక్షరాల మేర కాగితం రాలిపోయి కిటికీలు పడి ఉండడం చూసిన వాళ్లకు ఇది తెలుసు.

మసి సిరాకు మసి దొరకడమే పెద్ద పని. నగరంలో కట్టెల పొయ్యి ఏదీ? చివరికి కట్టెల భట్టీ ఇంకా మానని ఒక పాత బేకరీలో, పొగగొట్టం శుభ్రం చేసే రోజు కనుక్కుని వెళ్లాను. వాళ్లు నవ్వుతూనే సంచీ నింపి ఇచ్చారు. కావలసింది దీపం పొగలాంటి పొడిమసి కాదు. గొట్టం లోపలి గోడకు అంటుకుని, గట్టిపడి, తారులా మెరిసే జిడ్డుమసి. దాన్ని నూరి, నీళ్లలో చాలాసేపు మరగకాచి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి, మళ్లీ చిక్కబడేదాకా మరిగించి, తుమ్మబంక కలిపాను. ఇల్లంతా పొగచూరిన వాసన. వంటింట్లో ఇంకొకసారి ఆ పని పెట్టుకోవద్దని ఇంట్లో తీర్మానం జరిగింది.

రంగు మాత్రం అద్భుతం. పలచన చేస్తే తేనె, చిక్కగా ఉంటే కాచు. నీళ్లు కలిపి కుంచెతో పూస్తే అడుగున కాగితం మెరుపు కనిపిస్తూనే ఉంది. వాష్‌కు, అంటే ఆ పలచని పూతకు, ఇదే వాడాలని నిర్ణయించుకున్నాను. గీతలకూ ఇదే. రెంబ్రాంట్ ఈ షాజహాన్‌కు కచ్చితంగా మసి సిరాయే వాడాడని నేను అనడం లేదు. ఈ రోజు ఆ కాగితం మీద కనిపించే రంగుకు ఇది దగ్గరగా ఉంది, అంతే.

జూన్, చివరి వారం. కలం

బాతు ఈకలు. కుడిచేత్తో రాసేవాళ్లకు ఎడమ రెక్క ఈక అనుకూలం, దాని వంపు కంటికి అడ్డం రాదు. కాడను నీళ్లలో నానబెట్టి, వేడి ఇసుకలో గుచ్చి గట్టిపరిచి, పైపొర గీకి, పదునైన చాకుతో ఏటవాలుగా కోసి, మధ్యలో చీలిక పెట్టాలి. చీలిక తిన్నగా రావడం దేవుడి దయ.

రెల్లు కలం కూడా ఒకటి చెక్కాను. చివరి ఏళ్లలో రెంబ్రాంట్ చెయ్యి రెల్లు కలానికి బాగా అలవాటు పడింది. మొద్దు గీతలు, సగం ఆరిపోయిన సిరాతో గరుకుగా లాగిన గీతలు, నాలుగు దెబ్బల్లో మనిషి. 1650ల్లో ఆయన గీసిన బైబిలు దృశ్యాలు చూస్తే కలాన్ని ఉలిలా పట్టుకున్నాడేమో అనిపిస్తుంది. అదే ఏళ్లలో, అదే చెయ్యి, ఈ మొఘల్ బొమ్మల దగ్గరకు వచ్చేసరికి ఈక కలం పట్టి వెంట్రుకవాసి గీతలు గీసింది. యాభై దాటిన వాడు, ఊరంతా పేరున్న వాడు, తన చేతివాటాన్ని పక్కన పెట్టి కొత్తగా నేర్చుకునే కుర్రాడిలా ఒదిగి కూర్చున్నాడు. నన్ను ఈ పనిలోకి లాగిన సంగతి ఇదే.

ఆయన ఇతరుల బొమ్మలను చూసి గీయడం కొత్త కాదు. 1630ల్లో లియొనార్డో ‘చివరి విందు’ను ఒక ముద్రణ చూసి ఎర్రసుద్దతో గీశాడు. అందులో లియొనార్డో పట్ల మర్యాద కంటే తగవు ఎక్కువ కనిపిస్తుంది. ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా గీసిన ‘అపెలీస్‌పై అపనింద’ను మాత్రం గీతకు గీత గౌరవిస్తూ దించాడు. మొఘల్ బొమ్మలు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉన్నాయి. ఎక్కడన్నదే నా ప్రశ్న.

జులై, మొదటి వారం

కలం పట్టేముందు అసలు మొఘల్ గీత ఎలా ఉంటుందో కళ్లకు పట్టించుకోవాలని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను. అక్కడి సూక్ష్మచిత్రాల్లో మొఘల్, దక్కనీ రెండూ ఉన్నాయి. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడితే కాపలా అమ్మాయి గొంతు సవరించుకుంటుంది. అయినా చూడవలసింది చూశాను.

మొఘల్ చిత్రపటాల్లో మనిషి ముఖం చుట్టూ గీత ఎక్కడా తెగదు. నుదురు నుంచి మొదలై, ముక్కు, పెదవి, గడ్డం మీదుగా మెడదాకా ఒకే ఊపిరిలో దిగుతుంది. లావు సన్నం తేడా చాలా తక్కువ. నీడ దాదాపు ఉండదు. వెలుతురు ఏ పక్కనుంచీ పడదు, అన్నివైపులా సమంగా ఉంటుంది. పాదాలు రెండూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి, మనిషి నేల మీద నిలబడ్డాడా, ఆకుపచ్చ రంగు ముందు వేలాడుతున్నాడా అన్నది ఆ చిత్రకారుడికి పట్టదు. పాదుషాకు బరువు ఉండనక్కరలేదు. హోదా ఉంటే చాలు. ఆ హోదా అంతా బట్టల్లో ఉంది: జామా అనే పొడుగు అంగీ అంచు, నడుముకు చుట్టిన పట్కా కొంగు మీది పువ్వులు, కటారి పిడి, పాగా మీది కలికితురాయి. జామా ముడి కుడి చంక కింద ఉందా, ఎడమ చంక కింద ఉందా అన్నదాన్ని బట్టి వేసుకున్నవాడు ముస్లిమా, హిందువా అని చెప్పవచ్చు. అంత లెక్క ఉన్న బొమ్మలు అవి.

జులై, రెండో వారం. ముఖం

ముందు కాగితానికి లేత గోధుమ వాష్ ఇచ్చి ఆరబెట్టాను. క్లీవ్‌లాండ్ బొమ్మకు కూడా అడుగున ఇలాంటి పూత ఉంది. దీనివల్ల తెల్లకాగితం కరకుదనం పోయి, నడిమి వెలుతురు ముందే సిద్ధంగా ఉంటుంది.

ట్రేసింగు లేదు, గడులు లేవు. అసలు కొలతలో తీసిన ప్రింటు పక్కన పెట్టుకుని కంటి లెక్కతో గీయడమే.

ముఖం ఒక రూపాయి నాణెం కంటే పెద్దదేం కాదు. అంతలో కన్ను, ముక్కు, గడ్డం, చెవి, పాగా చుట్లు. ఈకను కొత్తగా కోసి, సిరాలో ముంచి, చిత్తుకాగితం మీద ఒక గీత లాగి అదనపు సిరా వదిలించి, అప్పుడు ముట్టుకున్నాను. అదనపు సిరా ఒక్క చుక్క మిగిలినా ముక్కు కొన దగ్గర గుండ్రంగా నిలబడిపోతుంది.

గీస్తూ గమనించింది: ముఖం దగ్గర రెంబ్రాంట్ మొఘల్ చిత్రకారుడికి పూర్తిగా లోబడ్డాడు. పక్కముఖాన్ని తనకు ఇష్టమైన ముప్పావు ముఖంగా తిప్పలేదు. కళ్లలో దిగులు పెట్టలేదు. రెంబ్రాంట్ గీసిన ముసలివాళ్లందరికీ కనుబొమ్మల కింద ఒక నీడ ఉంటుంది, చూసేవాడు అక్కడే పడిపోతాడు. అది ఇక్కడ లేదు. పాదుషా దూరంగా, తనను ఎవరు చూస్తున్నారన్న పట్టింపు లేకుండా ఉన్నాడు.

కానీ గీత మాత్రం తెగింది. మొఘల్ కుంచె ఒకే ఊపిరిలో దించిన చోట, ఈ కలం ఆగి, పైకి లేచి, మళ్లీ ఆనుతుంది. గడ్డం దగ్గర పొట్టి పొట్టి గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మొదట ఇది పనిముట్టు తేడా అనుకున్నాను. కుంచె వంగుతుంది, ఈక వంగదు కాబట్టి అనుకున్నాను. ఈకతోనే తెగని గీత గీసి చూశాను. గంపి మీద అది సాధ్యమే. అంటే పనిముట్టు ఆపలేదు, ఆయనే ఆపాడు. వెలుతురు పడిన చోట గీత అక్కరలేదని ఆయన చెయ్యికి ఎప్పటినుంచో తెలుసు. లోబడ్డ చోట కూడా ఆ తెలివిడి పోలేదు.

జులై, మూడో వారం

ముసురు. గంపి కాగితం తేమకు ముడతలు పడుతోంది. పని లేదు.

జులై, చివరి వారం. బట్టలు, పాదాలు

ముఖం నుంచి కిందికి దిగేకొద్దీ ఆయన చెయ్యి వేగం అందుకుంటుంది. పాగా చుట్లు జాగ్రత్తగా లెక్కపెట్టినట్టు ఉంటాయి. పట్కా దగ్గర అల్లిక ఉందన్న సూచన చాలు అనుకున్నాడు. జామా కుచ్చిళ్ల దగ్గరకు వచ్చేసరికి పొడవాటి గీతలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని వదలడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. చేతిలో కలం ఉన్నవాడికి ఖాళీ చూస్తే చెయ్యి దురద.

వాష్. నీళ్లలో బాగా పలచన చేసిన మసి సిరా, మెత్తని గుండ్రని కుంచె. జపాన్ కాగితం మీద వాష్ వెంటనే ఇంకదు, ఒకటి రెండు క్షణాలు పైన తేలుతుంది. ఆ వ్యవధిలో అంచును వేలితో మెత్తబరచవచ్చు, లేదా అలాగే వదిలేసి గట్టి అంచు రానివ్వవచ్చు. రెండూ చేసి చూశాను. వెలుతురు మళ్లీ కావాలంటే ఆరిన తరవాత చాకు కొనతో మెల్లగా గీకాలి. గెట్టీలోని ‘షాజహాన్, దారా షుకో’ (షాజహాన్, ఆయన పెద్దకొడుకు) బొమ్మ వివరాల్లో చిత్రకారుడే గీకిన జాడలు ఉన్నాయని రాశారు. చిత్తుముక్క మీద గీకి చూస్తే, గంపి పైపొర నూగులా లేస్తుంది కానీ చిరగదు. మన చేతికాగితం అయితే రంధ్రం పడేది.

ఇక పాదాలు. నా దృష్టిలో మొత్తం బొమ్మ అక్కడే ఉంది. ముఖాన్ని మొఘల్ చిత్రకారుడి ఇష్టానికి వదిలేసిన రెంబ్రాంట్, బట్టల కోతనూ అలాగే వదిలేసిన రెంబ్రాంట్, పాదాల దగ్గర వదల్లేదు. కింద నేల పెట్టాడు. నాలుగైదు అడ్డగీతలు, ఒక నీడ, అంతే. ఆ నీడ పడగానే వెలుతురు ఒక పక్కనుంచి వస్తోందని అర్థమవుతుంది. వెలుతురు ఒక పక్కనుంచి వస్తే జామా లోపల ఒక ఒళ్లు ఉందని తెలుస్తుంది. ఒళ్లు ఉంటే బరువు, బరువు ఉంటే మడమ నేలకు ఆనాలి. నేను పరీక్షగా ఒక కాగితం మీద నీడ లేకుండా, ఇంకొక కాగితం మీద నీడతో అదే మనిషిని గీశాను. నీడ లేనివాడు సాలార్‌జంగ్ అద్దాల వెనక ఉన్నవాళ్లకు తమ్ముడు. నీడ ఉన్నవాడు వచ్చి గుమ్మంలో నిలుచున్నాడు.

ఆగస్టు, రెండో వారం. చెట్టు కింద నలుగురు

షాజహాన్ నకలు ఒకటి నాకు తృప్తిగా వచ్చింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం బొమ్మ: నలుగురు పెద్దవాళ్లు చెట్టు కింద నేలమీద కూర్చుని ఉంటారు. దీనికి మూలమైన చిత్రానికి బాగా దగ్గరిది వియన్నాలో, షోన్‌బ్రున్ ప్రాసాదంలో ఉంది. ఎక్కడ ఉందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో మరియా థెరీసా మహారాణి కాలంలో ఒక గదికి గులాబీచెక్క పలకలు బిగించి, వాటిలో బంగారు చట్రాలు అమర్చి, మొఘల్ చిత్రాలను కత్తిరించి ముక్కలు ముక్కలుగా అతికించారు. చట్రం ఆకారానికి సరిపోవాలని ఒక బొమ్మలోని మనిషిని ఇంకొక బొమ్మలోని తోటలో కూర్చోబెట్టారు. మిలియన్ గది అని పేరు. ఒక శతాబ్దం ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకాయన అలాంటి బొమ్మ ముందు ఊపిరి బిగబట్టి గీత గీత దించుకున్నాడు, ఇక్కడ వీళ్లు కత్తెర తీశారు.

బొమ్మలో నాకు నచ్చింది కూర్చున్న తీరు. కుర్చీల్లో కూర్చునే దేశంవాడికి నేలమీద కూర్చున్న ఒళ్లు గీయడం కష్టం. మోకాలు ఎటు పోతుంది, బట్ట ఎక్కడ ముడుచుకుంటుంది, నడుము ఎంత వంగుతుంది. చాలామంది ఐరోపా చిత్రకారులు ‘తూర్పుదేశాల’ మనుషులను కూర్చోబెడితే మోకాళ్లు నొప్పులు పెడుతున్నట్టు ఉంటాయి. రెంబ్రాంట్ బొమ్మలో ఈ నలుగురూ గంటల తరబడి అలాగే కూర్చోగలరు. మొఘల్ చిత్రకారుడి కన్నును అరువు తెచ్చుకోవడం వల్ల వచ్చిన లాభం ఇది.

ఆ లాభం ఈ కాగితంతో ఆగలేదు. 1656లో ఆయన ‘దేవదూతలకు అబ్రహాం ఆతిథ్యం’ అనే ఎచింగు చేశాడు. బైబిలు కథ. అంతకుముందు ఐరోపాలో ఆ దృశ్యాన్ని సాధారణంగా బల్ల, పీటలు వేసి చూపేవారు. ఇందులో అతిథులు నేలమీద పరుచుకున్న దానిపై, పళ్లెం చుట్టూ కూర్చున్నారు. అబ్రహాం కూజా పట్టుకుని వంగి ఉన్నాడు. సారా తలుపు చాటున వింటోంది. తెల్లగడ్డం పెద్దాయన చెయ్యి కదిలించి మాట్లాడుతున్న తీరు చూస్తే ఈ నలుగురిలో ఒకరు లేచి వెళ్లి అక్కడ కూర్చున్నారని చెప్పవచ్చు. బైబిలు మనుషులు తూర్పుదేశం వాళ్లు కాబట్టి వాళ్ల కూర్చోడం, తినడం ఇలా ఉండి ఉంటుందని ఆయన లెక్క. పాలస్తీనాకు ఆధారంగా ఆగ్రాను తీసుకున్నాడు. చరిత్రగా అది నిలవదు. బొమ్మగా నిలిచింది.

నా ప్రతిలో ముగ్గురు బాగా వచ్చారు. కుడివైపు వాడి భుజం మీద వాష్ ఎక్కువై బురదలా ఉంది, గీకి సరిచేయాలి.

ఆగస్టు, చివరి వారం

ఈ పని సంగతి తెలిసిన మిత్రుడొకరు ఫోను చేశారు. బందరులో డచ్చివాళ్ల కోఠీ ఉండేది కదా, గోల్కొండ బొమ్మలు బందరు ఓడెక్కి రెంబ్రాంట్ చేతికి వెళ్లి ఉంటాయి కదా, అలా రాయకూడదా అని. రాయాలని ఎవరికి ఉండదు? డచ్చివాళ్లు మచిలీపట్నంలో పదిహేడో శతాబ్దం మొదటి దశకంలోనే స్థావరం పెట్టిన మాట నిజం. గోల్కొండలో డచ్ కొనుగోలుదారుల కోసం పాదుషాల, నవాబుల చిత్రపటాల ఆల్బమ్‌లు తయారైన మాటా నిజం. ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్సెన్ దగ్గర ఉండిన అలాంటి ఆల్బమ్ ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలో ఉంది. మొఘలులతో పాటు కుతుబ్‌షాహీలు కూడా అందులో ఉన్నారు. కానీ అది సుమారు 1686 నాటిది. రెంబ్రాంట్ 1669లో పోయాడు. తేదీలు కుదరనప్పుడు ఊరి మీద ప్రేమతో కుదర్చకూడదు.

నాకు అంతకంటే ఇష్టమైన లింకు ఇంకొకటి ఉంది. 1600 ప్రాంతంలో అబుల్ హసన్ అనే కుర్రాడు, అప్పటికి పదమూడో ఏట ఉన్నవాడు, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ముద్రణలోని సెయింట్ జాన్‌ను చూసి గీశాడు. ఆ కాగితం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. తరవాత అతడే జహంగీరు ఆస్థానంలో ‘నాదిర్ ఉజ్ జమాన్’ బిరుదు పొందాడు. జహంగీరు, షాజహాన్ల తలల వెనక కనిపించే కాంతివలయం ఐరోపా ముద్రణల నుంచే మొఘల్ చిత్రాల్లోకి వచ్చింది. అంటే రెంబ్రాంట్ ముందుకు వచ్చిన మొఘల్ చిత్రాలు అప్పటికే ఐరోపాను కొంత చదివినవి. ఆయనకు అవి పూర్తిగా పరాయివిగా అనిపించకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

సెప్టెంబరు, మొదటి వారం

ఎందుకు గీశాడన్న దానిమీద ఎక్కువగా వినిపించే వాదం: 1656లో అప్పుల పాలై కోర్టుకెక్కాడు, జులైలో ఇంటి సామాను జాబితా రాశారు, 363 పద్దులు. అందులో విచిత్రమైన సూక్ష్మచిత్రాలున్న ఒక ఆల్బమ్ పద్దు ఉంది. అది మొఘల్ చిత్రాలదే అయివుంటుందని చాలామంది అంటారు. అది వేలానికి పోయేముందు గుర్తుగా నకళ్లు దించుకున్నాడని వాదం. అదే ఊపులో, 1658లో షాజహాన్‌ను కొడుకు ఔరంగజేబు గద్దె దించి ఆగ్రా కోటలో పెట్టాడు, అదే ఏడు రెంబ్రాంట్ ఇల్లు అమ్ముడైంది, ఇద్దరూ సర్వం పోగొట్టుకున్నవాళ్లే అని పోలుస్తారు. చదవడానికి బాగుంటుంది. కలం పట్టుకున్నవాడికి అందులో పని లేదు.

గుర్తుగా దాచుకునేవాడు గీసే తీరు ఇది కాదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. గుర్తు కోసమైతే పట్కా మీది పువ్వులు పూర్తిగా దించేవాడు, రంగుల పేర్లు పక్కన రాసుకునేవాడు. నీడ వేసేవాడు కాదు. మూలంలో లేని నేలను పెట్టేవాడు కాదు. 23 కాగితాల్లో, ఒకరి తరవాత ఒకరుగా, ఈ మనుషులను తన గదిలోకి తెచ్చి నిలబెట్టి, వాళ్ల మర్యాద వాళ్లకు ఉంచి, తన వెలుతురు కింద పరీక్షించాడు. వెలుతురు విషయంలో తప్ప మిగతా అన్నిటిలో ఎదుటివాడి మాటే విన్నాడు. ఆయన వృత్తిలో అలా ఇంకొకరి మాట విన్న సందర్భాలు తక్కువ.

ఈ వారం పని: నలుగురిలో కుడివైపు వాడి భుజం గీకి, మళ్లీ పలచగా వాష్ వేశాను. ఆరాక బురద పోయింది, కాగితం నూగు మాత్రం కొద్దిగా కనిపిస్తోంది. మాచికాయ సిరాతో గీసిన పరీక్ష ముక్కలను కిటికీ దగ్గర ఎండకు అతికించాను, సగం మూసి, సగం తెరిచి. గోధుమరంగుకు తిరగడానికి నా జీవితకాలం చాలకపోవచ్చు కానీ తేడా మొదలవుతుందేమో చూడాలి.

తరవాతిది బ్రిటిష్ మ్యూజియంలోని గుర్రపు రౌతు. మొఘల్ గుర్రం నాలుగు కాళ్లూ బొమ్మ అంచుకు సమాంతరంగా నడుస్తుంది. రెంబ్రాంట్ దాని డెక్కల కింద ఏం చేశాడో ముందు భూతద్దంతో చూడాలి. మసి సిరా సీసాలో అడుగంటింది. ఈసారి కాచడం మేడ మీద.